మరుగుజ్జు గెలాక్సీల్లో గ్యాసు ఎవరు ఖాళీ చేస్తున్నారు? శ్రీకాకుళంలో కూర్చుని మీరే తేల్చుకునే పద్ధతి

జనవరి రాత్రి కళింగపట్నం ఒడ్డున నిలబడి సరిగ్గా దక్షిణానికి చూస్తే, సముద్రం అంచుకు రెండే డిగ్రీల ఎత్తులో పెద్ద మెగలానిక్ మేఘం అనే చిన్న గెలాక్సీ ఉండాలి. మన అక్షాంశం 18.3 డిగ్రీలు కాబట్టి లెక్క ప్రకారం అది పైకి వస్తుంది. కానీ సముద్రపు తేమ, పడవల లైట్లు కలిసి నాకు ఒక్కసారి కూడా కనబడనివ్వలేదు. దాని తమ్ముడు చిన్న మెగలానిక్ మేఘం మన జిల్లాకు అసలు ఉదయించదు.

మనకు అందని ఆ రెండింటికీ ఒక ప్రత్యేకత ఉంది. పాలపుంతకు ఉపగ్రహాలుగా ఉన్న చిన్న గెలాక్సీలన్నింటిలో గ్యాసు పుష్కలంగా మిగిలినవి అవే. మిగతావి పదుల సంఖ్యలో ఉన్నాయి, అన్నీ ఖాళీ. గ్యాసు అయిపోతే పొయ్యి ఆరుతుంది. గెలాక్సీలో అయితే కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగుతుంది.

నేను డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. వేసవిలో నలుగురైదుగురిని కూర్చోబెట్టి ఈ ఒక్క ప్రశ్న మీద ప్రాజెక్టు చేయిస్తాను: మరుగుజ్జు గెలాక్సీలో గ్యాసు మిగలడం, పోవడం దాని సొంత వ్యవహారమా, ఇరుగుపొరుగు చేసిన పనా? టెలిస్కోపు అక్కర్లేదు. ల్యాప్‌టాప్, ఎక్సెల్ లాంటి ఏదో ఒక పట్టికల సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్ ఉంటే చాలు. కరెంటు పోకుండా ఉంటే వారం రోజుల పని.

ముందుగా: ఏ గ్యాసు?

ఇక్కడ గ్యాసంటే తటస్థ హైడ్రోజన్. ప్రోటాను, ఎలక్ట్రాను విడిపోకుండా పరమాణువుగానే ఉన్న చల్లటి హైడ్రోజన్ అన్నమాట. అది 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో, అంటే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర, సన్నటి రేడియో సంకేతం ఇస్తుంది. 1944లో వాన్ డ హల్స్ట్ ఇలా ఉంటుందని ఊహించాడు. 1951లో యూయెన్, పర్సెల్ పట్టుకున్నారు. మన దేశంలో ఈ సంకేతాన్ని వినే పెద్ద చెవి పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ. ఒక్కోటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. మరుగుజ్జు గెలాక్సీల గ్యాసు మీద ప్రపంచంలోనే ముఖ్యమైన పని అక్కడ జరిగింది. ఎన్‌జీసీ 3741 అనే బుల్లి గెలాక్సీలో కంటికి కనిపించే భాగం కంటే ఎనిమిది రెట్లకు పైగా దూరం వరకు హైడ్రోజన్ పరుచుకుని ఉందని 2005లో తేల్చింది ఆ డిష్‌లతోనే.

ఆ ఎనిమిది రెట్ల సంగతి గుర్తుపెట్టుకోండి. నక్షత్రాలు నడిమధ్యలో గట్టిగా ఉంటాయి, గ్యాసు మాత్రం చుట్టూ పలచగా, వదులుగా ఉంటుంది. బయటివాళ్ళు చెయ్యి వేస్తే ముందు దొరికేది గ్యాసే.

రెండో పని: జాబితా దించుకోవడం

మొదటి ఏడాది నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఆల్ఫాల్ఫా అనే సర్వే ఉంది. ప్యూర్టోరికోలో 2020లో కూలిపోయిన 305 మీటర్ల అరెసిబో డిష్‌తో చేసినది, దాదాపు 31,500 గెలాక్సీల హైడ్రోజన్ అందులో ఉంది. అంత పెద్ద జాబితా చూసి ఆశపడి అదే తీసుకున్నాను. ఎక్కడ చూసినా గ్యాసే! రెండు రోజుల తర్వాత బుర్రకెక్కింది: హైడ్రోజన్ వినిపించిన వాటినే రాసుకున్న జాబితాలో హైడ్రోజన్ లేనిది ఎలా ఉంటుంది? రేషన్ షాపు క్యూలో నిలబడి "మీలో రేషన్ కార్డు లేనివాళ్ళెవరు" అని అడిగినట్టయింది.

కాబట్టి గ్యాసుతో సంబంధం లేకుండా తయారైన జాబితా కావాలి. కొత్తవాళ్ళకు నేనిచ్చేది కరచెంత్సెవ్, మకరోవ్, కైసినా 2013లో ప్రచురించిన సమీప గెలాక్సీల పట్టిక. సుమారు 11 మెగాపార్సెక్‌ల లోపు, అంటే మూడున్నర కోట్ల కాంతి సంవత్సరాల లోపు ఉన్న 869 గెలాక్సీలు అందులో ఉన్నాయి. విజియర్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. దూరం, హైడ్రోజన్ ద్రవ్యరాశి, పరారుణ కాంతి, పొరుగువారి ప్రభావాన్ని చెప్పే సూచిక, అన్నీ ఒకేచోట ఉంటాయి. తెరవడానికి టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ హాయిగా ఉంటుంది, ఎక్సెల్ అయినా నడుస్తుంది.

ద్రవ్యరాశులన్నీ లాగరిథమ్‌లలో ఉంటాయి. 6 అని ఉంటే పది లక్షల సూర్యుళ్ళు, 7 అంటే కోటి. మా వాడొకడు రెండు లాగరిథమ్‌లను భాగించి నిష్పత్తి వచ్చేసిందన్నాడు. భాగించకూడదు, తీసివేయాలి.

మూడో పని: ఒక్కదానికైనా చేత్తో లెక్క కట్టడం

పట్టికలో ఉన్న అంకెను గుడ్డిగా నమ్మే ముందు ఒక గెలాక్సీకి హైడ్రోజన్ ద్రవ్యరాశిని కాగితం మీద కట్టి చూడండి. సూత్రం చిన్నదే: 2.356 లక్షలు × దూరం వర్గం × ఫ్లక్స్. ఫ్లక్స్ అంటే మనకు చేరే రేడియో సంకేతం మొత్తం బలం. దూరం మెగాపార్సెక్‌లలో, ఫ్లక్స్ జాన్‌స్కీ × సెకనుకు కిలోమీటర్లలో ఇస్తే జవాబు సూర్యుడి ద్రవ్యరాశులలో వస్తుంది.

లియో పి అనే గెలాక్సీ తీసుకుందాం. ఆల్ఫాల్ఫాలోనే బయటపడ్డ బుల్లిది. దూరం 1.62 మెగాపార్సెక్‌లు, ఫ్లక్స్ 1.31. దూరం వర్గం 2.62. మొత్తం గుణిస్తే 8.1 లక్షల సూర్యుళ్ళ హైడ్రోజన్. దాని నక్షత్రాలన్నీ కలిపితే సుమారు 5.6 లక్షలు. నక్షత్రాల కంటే గ్యాసే ఎక్కువ! చుట్టుపక్కల పెద్ద గెలాక్సీ ఏదీ లేదు మరి.

ఇప్పుడు దూరాన్ని 1.3గా తప్పు కొట్టి చూడండి: గ్యాసు 5.2 లక్షలకు పడిపోతుంది. దూరంలో ఐదో వంతు తప్పుకి ద్రవ్యరాశిలో మూడో వంతుకు పైగా పోయింది. ఇక్కడొక వెసులుబాటు ఉంది. నక్షత్రాల ద్రవ్యరాశి కూడా దూరం వర్గాన్ని బట్టే మారుతుంది కాబట్టి గ్యాసుకి, నక్షత్రాలకి ఉన్న నిష్పత్తి దూరం తప్పయినా మారదు. అందుకే నేను ఉత్త గ్యాసు ద్రవ్యరాశి కాకుండా ఈ నిష్పత్తినే వాడమంటాను. పట్టికలోని పరారుణ కాంతిని సూర్యకాంతి లెక్కలో తీసుకుని, ఒక సూర్యకాంతికి సుమారు ఒక సూర్య ద్రవ్యరాశి అనుకుంటే నక్షత్రాల ద్రవ్యరాశి వస్తుంది. మోటు లెక్కే, కానీ అందరికీ ఒకే మోటుతనం కాబట్టి పోలికకు పనికొస్తుంది.

నాలుగో పని: ఏరివేత

అసలు కష్టమంతా ఇక్కడే. సగం రోజులు దీనికే పోవాలి. ఒకటి రెండు గంటల్లో అయిపోయిందంటే మీరు సరిగా చూడలేదని నా అనుమానం.

కొన్ని గెలాక్సీల హైడ్రోజన్ అంకె పక్కన "కంటే తక్కువ" గుర్తు ఉంటుంది. చూశారు, వినబడలేదు, ఉంటే గింటే ఇంతకు లోపే ఉంటుందని దానర్థం. మా పిల్లలు ఒక ఏడాది ఆ గుర్తును తుడిచేసి, మామూలు అంకెల్లా సగటులో కలిపేశారు. ఖాళీ గెలాక్సీలకు లేని గ్యాసు పుట్టుకొచ్చి గ్రాఫు తలకిందులైంది. అలాంటివాటిని సగటులోకి తేకండి. "ఈ గుంపులో ఎన్నింటికి గ్యాసు నిజంగా దొరికింది" అని లెక్కపెట్టండి. లేదా మధ్యస్థం, అంటే వరుసలో పేర్చినప్పుడు నడిమధ్య పడే విలువ, తీసుకోండి. గుంపులో సగం కంటే తక్కువ మాత్రమే అలాంటివి ఉండి, వాటి అంకెలు మధ్యస్థానికి కిందే ఉంటే మధ్యస్థం చెక్కుచెదరదు.

దూరం పెరిగేకొద్దీ చెవుడు కూడా పెరుగుతుంది. ఒక టెలిస్కోపుకి 0.3 ఫ్లక్స్ వరకు వినబడుతుందనుకోండి. ఒక మెగాపార్సెక్ దూరంలో 70 వేల సూర్యుళ్ళ గ్యాసు ఉన్నా పట్టుకుంటుంది. పది మెగాపార్సెక్‌లలో 70 లక్షలు ఉంటేనే పట్టుకుంటుంది. లియో పిని తీసుకెళ్ళి అక్కడ పెడితే గ్యాసు లేనిదాని కింద జమ అయిపోతుంది. అందువల్ల దగ్గరివాటిని, దూరపువాటిని కలిపి "గ్యాసు లేనివి ఇన్ని" అనకండి. దూరానికో కోత పెట్టుకోండి. మేం 5 మెగాపార్సెక్‌ల దగ్గర ఆపాం.

మనకు దూరమయ్యే వేగం సున్నాకు దగ్గరగా ఉన్నవాటిని అనుమానంగా చూడండి. మన పాలపుంత హైడ్రోజన్ కూడా అదే వేగంలో వినబడుతుంది. పెద్ద గెలాక్సీని ఆనుకుని ఉన్న చిన్నదాని అంకెలోనూ, డిష్ చూపు వెడల్పు వల్ల పక్కవాడి గ్యాసు కలిసిపోయి ఉండొచ్చు.

మరీ చిన్నవాటిని, నక్షత్రాలన్నీ కలిపి లక్ష సూర్యుళ్ళు కూడా లేనివాటిని, పక్కన పెట్టేయండి. విశ్వం పుట్టిన మొదటి వంద కోట్ల సంవత్సరాల్లో తొలి నక్షత్రాలు, గెలాక్సీల అతినీలలోహిత కాంతి అంతటా పరుచుకుని గ్యాసును వేడెక్కించింది. ఇంత చిన్నవాటి గురుత్వం ఆ వేడి గ్యాసును పట్టుకోలేదు. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు చూసిన అలాంటి గెలాక్సీల్లో నక్షత్రాలు దాదాపు అన్నీ అప్పటివే. ఆ తప్పు పొరుగువాడి మీద వేయడం న్యాయం కాదు.

ఐదో పని: పొరుగును అంకెగా మార్చడం

పొరుగు దగ్గరగా ఉందా, దూరంగా ఉందా అంటే సరిపోదు, ఎంత బలమైనదో కూడా చూడాలి. కరచెంత్సెవ్ సూచిక చేసేది అదే. పొరుగు ద్రవ్యరాశిని మధ్య దూరం ఘనంతో భాగించి, అందరిలోకి ఎక్కువ వచ్చినదాన్ని తీసుకుని లాగరిథమ్ కట్టి, అందులోంచి ఒక స్థిర సంఖ్యను తీసేస్తుంది. సున్నాకు పైన ఉంటే ఎవరి పట్టులోనో ఉన్నట్టు, కింద ఉంటే ఒంటరి అన్నట్టు.

ఘనం ఎంత పని చేస్తుందో చూడండి. లక్ష కోట్ల సూర్యుళ్ళంత బరువున్న పొరుగు 1 మెగాపార్సెక్ దూరంలో ఉంది. దానిలో వందో వంతు బరువున్న ఇంకో పొరుగు 0.1 మెగాపార్సెక్ దూరంలో ఉంది. దూరం పదో వంతయితే దాని ఘనం వెయ్యో వంతు, అంటే లాగుడు వెయ్యి రెట్లు. బరువు వందో వంతయినా రెండోదాని లాగుడే పదింతలు. విశాఖలో ఉన్న పెదనాన్న కంటే పక్క గుమ్మం పిన్నిగారి మాట ఎక్కువ చెల్లినట్టే.

ఈ సూచికతో పాటు, దగ్గర్లోని పెద్ద గెలాక్సీకి ఉన్న ఉత్త దూరాన్ని కూడా ఒక నిలువు వరుసలో పెట్టుకోండి. ఎందుకో ఏడో పనిలో తెలుస్తుంది.

ఆరో పని: సాటివాళ్ళతోనే పోటీ

పెద్ద గెలాక్సీల దగ్గర మనకు దొరికినవాటిలో మరీ చిన్నవి ఎక్కువ, ఎందుకంటే అవి మనకు దగ్గరగా ఉండి కనబడ్డాయి. దూరంగా ఒంటరిగా దొరికినవాటిలో కాస్త పెద్దవి ఎక్కువ. అన్నీ కలిపి పోలిస్తే తేడా పొరుగుదా, బరువుదా తెలియదు. నక్షత్రాల ద్రవ్యరాశిని బట్టి గుంపులు చేయండి: పది లక్షల నుంచి కోటి, కోటి నుంచి పది కోట్లు, పది కోట్ల నుంచి వంద కోట్లు. ప్రతి గుంపులో సూచిక సున్నాకు పైన ఉన్నవి ఒకవైపు, కింద ఉన్నవి ఇంకోవైపు.

మీ గ్రాఫులో ఏం రావాలో ముందే కొంత చెప్పొచ్చు. పాలపుంతకో, దాని పొరుగు పెద్ద గెలాక్సీ ఆండ్రోమెడాకో సుమారు 270 కిలోపార్సెక్‌ల లోపు, అంటే దాదాపు 9 లక్షల కాంతి సంవత్సరాల లోపు, ఉన్న చిన్న గెలాక్సీల్లో దాదాపు వేటిలోనూ హైడ్రోజన్ దొరకలేదు. ఆ గీత దాటగానే లియో టి ఉంది, 420 కిలోపార్సెక్‌ల దగ్గర. బుల్లిదే, అయినా లక్షల సూర్యుళ్ళ గ్యాసు దాని దగ్గర భద్రంగా ఉంది. ఇంకా పెద్ద ఎత్తున 2012లో మార్లా గెహా బృందం చూపించింది: నక్షత్రాలు కోటి నుంచి వంద కోట్ల సూర్యుళ్ళ మధ్య ఉండి, పెద్ద గెలాక్సీకి 1.5 మెగాపార్సెక్‌ల కంటే దూరంగా ఉన్న మరుగుజ్జుల్లో నక్షత్రాల పుట్టుక ఆగిపోయినది దాదాపు లేనే లేదు. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో బలమైన సాక్ష్యం ఇదే. ఒంటరిగా వదిలేస్తే ఈ బరువున్న గెలాక్సీ తనంతట తాను ఆరిపోవడం లేదు.

ఏడో పని: దొంగ ఎవరు?

గ్యాసు పోయిందని తేలింది. ఎలా పోయింది? ఇక్కడ మన కళ్ళం గుర్తుకు తెచ్చుకోండి. తూర్పారపట్టేటప్పుడు చేటతో ఎత్తిపోస్తే తాలు, పొట్టు గాలికి పక్కకు కొట్టుకుపోతాయి, గింజ కాళ్ళ దగ్గరే రాలుతుంది. పెద్ద గెలాక్సీల చుట్టూ లక్షల డిగ్రీల వేడి గ్యాసు చాలా పలచగా వ్యాపించి ఉంటుంది. దానిలోంచి చిన్న గెలాక్సీ దూసుకెళ్తే ఎదురుగాలి తగులుతుంది. నక్షత్రాలు గింజల్లా చెక్కుచెదరవు, గ్యాసు పొట్టులా వెనక్కి పోతుంది. 1972లో గన్, గాట్ ఇద్దరూ ఈ ఎదురుగాలి ఒత్తిడికి సూత్రం ఇచ్చారు: గాలి సాంద్రత × వేగం వర్గం.

పొరుగు గురుత్వం సాగదీసే ఆటుపోటు బలం వేరు. అది వంశధార వరద లాంటిది. వరదొస్తే గింజ, పొట్టు అని చూడదు, కళ్ళంలో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. 1994లో దొరికిన ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీకి పట్టిన గతి అదే, దాని నక్షత్రాలే ఆకాశం చుట్టూ దారంలా సాగిపోయాయి. కాబట్టి మీ గెలాక్సీ ఫొటో చూడండి. నక్షత్రాలు గుండ్రంగా, నిబ్బరంగా ఉండి గ్యాసు మాత్రమే ఒకవైపు ఒరిగిపోయి ఉంటే గాలిని అనుమానించండి. రెండూ సాగి ఉంటే వరదను.

పొందూరు నుంచి వచ్చిన అమ్మాయి ఒకసారి అడిగింది: "మాస్టారూ, ఆ గాలి అంత పలచనైతే ఎలా తోసేస్తాదండి?" మంచి ప్రశ్న. బోర్డు మీద లెక్క వేశాం. పాలపుంత చుట్టూ గాలి సాంద్రత పదివేల ఘన సెంటీమీటర్లకు ఒక కణం అనుకుందాం. చిన్న గెలాక్సీ గ్యాసు పది ఘన సెంటీమీటర్లకు ఒక పరమాణువు. అంటే బయట గాలి లోపలి గ్యాసు కంటే వెయ్యి రెట్లు పలచన. కానీ గెలాక్సీ సెకనుకు 200 కిలోమీటర్ల వేగంతో పోతోంది, దాని గురుత్వం గ్యాసును పట్టి ఉంచే బలమేమో సెకనుకు 10 కిలోమీటర్ల స్థాయిది. వేగాల నిష్పత్తి 20, వర్గం 400. వెయ్యితో భాగిస్తే 0.4. ఇది ఒకటి దాటితే గురుత్వం మీద గాలిదే గెలుపు. గ్యాసు ఇంకా నిలుస్తుంది, కానీ అంచులు కదులుతాయి.

అదే గెలాక్సీ పాలపుంతకు బాగా దగ్గరగా వంగి తిరిగేటప్పుడు 400 కిలోమీటర్ల వేగం అందుకుంటే నిష్పత్తి 40, వర్గం 1600, జవాబు 1.6. ఒకటి దాటింది, గ్యాసు పోయినట్టే. దగ్గర్లో గాలి కూడా చిక్కబడుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పోతుంది. పెద్ద మెగలానిక్ మేఘానికి ఇదే 400 వేసి చూడండి, కాకపోతే దాని పట్టు సెకనుకు 70 కిలోమీటర్లు. జవాబు 0.03. అందుకే దాని గ్యాసు చాలావరకు నిలిచింది. పైగా హబుల్ కొలిచిన వేగాన్ని బట్టి ఆ జంట ఈమధ్యే మన దగ్గరకు చేరిందని చాలామంది అభిప్రాయం. అయినా పూర్తిగా తప్పించుకోలేదు, వాటి వెనక 100 డిగ్రీలకు పైగా ఆకాశంలో సాగిన హైడ్రోజన్ తోక ఉంది. అందులో పెద్ద భాగం ఆ రెండూ ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల వచ్చిందే.

పొరుగు ఎంత దగ్గరో విడిగా రాసుకోమన్నది ఇందుకే. ఎదురుగాలి ద్రవ్యరాశిని, దూరం ఘనాన్ని చూడదు, గాలి సాంద్రతను, వేగాన్ని చూస్తుంది. గ్యాసు నిష్పత్తి సూచికతో బాగా కలుస్తోందా, ఉత్త దూరంతో బాగా కలుస్తోందా అని రెండు గ్రాఫులు గీసి పోల్చండి.

మూడో దొంగ నెమ్మదస్తుడు. ఉన్న గ్యాసు జోలికి రాడు, బయటి నుంచి కొత్తగా చేరే గ్యాసును మాత్రం ఆపేస్తాడు. పది కోట్ల సూర్యుళ్ళ కంటే పెద్ద మరుగుజ్జుల్లో ఈ పస్తులు పెట్టడమే ఎక్కువ పనిచేస్తుందని, అంతకంటే చిన్నవాటిలో ఎదురుగాలి త్వరగా ఊడ్చేస్తుందని ఇప్పటి లెక్కలు చెబుతున్నాయి. మరుగుజ్జులు గ్యాసును ఎంత పొదుపుగా వాడతాయంటే, ఉత్త పస్తులతో ఖాళీ కావాలంటే వందల కోట్ల ఏళ్ళు పడుతుంది. ఇక సూపర్‌నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు, ఇంటిదొంగలు. అవి గ్యాసును పైకి ఉబ్బించి వదులు చేస్తాయి, తర్వాత గాలి పని సులువవుతుంది.

ఎనిమిదో పని: మొండికేసే చుక్కలు

గ్రాఫులో గీతకు దూరంగా పడ్డ చుక్కల్ని తుడిచేయకండి. ప్రాజెక్టులో నాకు ఇష్టమైన భాగం ఇదే.

సీటస్, టుకానా అనే రెండు గెలాక్సీలు పాలపుంతకూ ఆండ్రోమెడాకూ బాగా దూరంగా ఉన్నాయి. ఒంటరివే, కానీ గ్యాసు లేదు. వీటికి బాగా నప్పే వివరణ: ఒకప్పుడు పెద్ద గెలాక్సీ పక్కనుంచి దూసుకుపోయి, ఊడ్పించుకుని, తిరిగి బయటకు వచ్చాయి. మన జిల్లాలో సగం ఊళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పదేళ్ళు కూలి చేసి ఊరికి తిరిగొచ్చినవాడి ఒంటిని చూసి, ఇప్పుడున్న చిరునామాతో ఏం అర్థమవుతుంది? వాడు ఎక్కడెక్కడ తిరిగాడో తెలియాలి. గెలాక్సీకీ అంతే. సూచిక ఇప్పటి పొరుగును మాత్రమే చెబుతుంది.

ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. ఆండ్రోమెడా పక్కనే ఉన్న ఎన్‌జీసీ 205లో, ఎన్‌జీసీ 185లో కొద్దిగా గ్యాసు మిగిలింది. ఐసీ 10లో బోలెడు ఉంది. మూడూ మరుగుజ్జుల్లో కాస్త బరువైనవే. ఆరో పనిలో గుంపులు సరిగా చేసి ఉంటే ఇవి మిమ్మల్ని పెద్దగా ఆశ్చర్యపరచవు. పెగాసస్ మరుగుజ్జు ఇంకో తమాషా: పెద్దవాళ్ళకు దూరంగానే ఉంది, అయినా దాని గ్యాసు ఎదురుగాలి తగిలినట్టు ఒకవైపు నొక్కుకుపోయి ఉందని 2007లో గుర్తించారు. గెలాక్సీల మధ్య ఖాళీ అనుకున్నచోట కూడా కాస్త గాలి ఉందన్నమాట.

ఓపిక మిగిలితే: అసలు పొరుగే లేనిచోటికి

విశ్వంలో గెలాక్సీలు చాలా తక్కువగా ఉండే విశాలమైన శూన్య ప్రాంతాలు ఉన్నాయి. లింక్స్-కాన్సర్ శూన్యం వాటిలో మనకు దగ్గరగా ఉన్నవాటిలో ఒకటి. అక్కడి మరుగుజ్జుల మీద రష్యా శాస్త్రవేత్త పుస్తిల్నిక్ ఏళ్ళ తరబడి పనిచేశారు. సగటున వాటి వెలుగుతో పోలిస్తే గ్యాసు సుమారు 40 శాతం ఎక్కువ, ఆక్సిజన్ లాంటి బరువు మూలకాలు తక్కువ అని తేలింది. జీఎంఆర్‌టీతో చూసిన అక్కడి ఒక మూడు గెలాక్సీల గుంపులో ఒకటైతే దాదాపు అంతా గ్యాసే, నక్షత్రాలు ఉన్నాయంటే ఉన్నాయి. ఎదుగుదల నెమ్మదైన పిల్ల గెలాక్సీలు అనుకోవచ్చు.

మీ పట్టికలో సూచిక బాగా కిందికి ఉన్న పది గెలాక్సీలను ఏరండి. ఒక్కోదాని గ్యాసు నిష్పత్తిని, అదే బరువు గుంపులోని మామూలు ఒంటరి గెలాక్సీల మధ్యస్థంతో పోల్చండి. మాకు పోయిన వేసవిలో పదింట్లో ఏడు మధ్యస్థానికి పైన వచ్చాయి. పది చుక్కలతో ఏదీ రుజువు కాదని పిల్లలకు చెప్పాను. అందుకని వాళ్ళిప్పుడు ముప్పై ఏరుతున్నారు, కోతను 5 నుంచి 8 మెగాపార్సెక్‌లకు జరిపి, ఆ దూరంలో వినబడని గ్యాసు ఎంతో మళ్ళీ మొదటి నుంచి లెక్క కడుతూ.